బయోమార్కర్‌ని ఏమనాలి: జాడా, ఆనవాలా?

ప్రశ్న: యువైటిస్ అనే కంటి జబ్బు మీద రోగులకు ఒక కరపత్రం రాస్తున్నాను. ‘కంటి వాపు’ అంటే కనురెప్ప వాచిందనుకుంటారు, ‘ఎర్ర కన్ను’ అంటే కండ్లకలక అనుకుంటారు. అందుకని ‘కంటి లోపలి ఇన్‌ఫ్లమేషన్’ అనే ఉంచాను. చిక్కంతా బయోమార్కర్ (పరీక్షల్లో కనిపించే జబ్బు గుర్తు) దగ్గరే. పత్రికల్లో ‘జీవసూచిక’ అంటున్నారు, అది మామూలు మనిషికి ఏం అర్థమవుతుంది? ‘ఆనవాలు’ అనవచ్చా?

జవాబు: మంచి మాటే గానీ చాలా బరువైనదండీ. హనుమంతుడు చూడామణి ఇచ్చాక రాముడికి ఇక సందేహం మిగల్లేదు. ఆనవాలంటే అంత గట్టిది. మీరు రాసే పరీక్షల్లో చాలావాటికి ఆ బలం లేదు. మాంటూ పరీక్షలో చెయ్యి గట్టిగా పొంగితే క్షయ క్రిమి ఎప్పుడో ఒంట్లోకి వచ్చి ఉండొచ్చని మాత్రమే అర్థం. మన దేశంలో అలాంటివాళ్లు కోట్లమంది. కంట్లో జబ్బు దానివల్లే వచ్చిందని తేలదు. హెచ్‌ఎల్‌ఏ-బి27 సంగతీ అంతే. ఉన్నట్టుండి ఒక కన్ను ఎర్రబడి, నొప్పితో వెలుతురు చూడలేనివాళ్లలో ఆ జన్యువు తరచుగా కనిపిస్తుంది. వెన్ను బిగుసుకుపోయే వ్యాధితోనూ దానికి సంబంధం ఉంది. అయినా అది ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఈ జబ్బులేవీ రావు. వీటిని ‘జాడ’ అనండి. జాడ పట్టుకుని వెళ్తే దొంగ దొరకొచ్చు, దొరక్కపోవచ్చు.

ప్రశ్న: కంటి ముందు భాగంలోంచి సన్నని సూదితో కాస్త నీరు తీసి పీసీఆర్ (క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) చేస్తే, అందులో హెర్పిస్ వైరస్ డీఎన్‌ఏ దొరికితే?

జవాబు: అది ఆనవాలే. జబ్బు ఉన్నచోటే దొరికింది కదా.

మరొకరు: లింఫోమాని, అంటే తెల్ల రక్తకణాల్లో ఒక రకానికి వచ్చే క్యాన్సర్‌ని, మరవకండి. అది యువైటిస్‌లా కనిపిస్తుంది. స్టెరాయిడ్ వేస్తే కొన్నాళ్లు తగ్గినట్టుంటుంది, ఈలోగా విలువైన కాలం పోతుంది. రోగనిరోధక కణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపే ప్రొటీన్లను ఇంటర్‌ల్యూకిన్లంటారు. కంటి ద్రవంలో ఇంటర్‌ల్యూకిన్-6 కంటే ఇంటర్‌ల్యూకిన్-10 ఎక్కువుంటే లింఫోమాని అనుమానించాలి. మామూలు ఇన్‌ఫ్లమేషన్‌లో సాధారణంగా 6దే పైచేయి. ఇది బలమైన జాడ, అంతే. క్యాన్సర్ కణాలు మైక్రోస్కోప్ కింద కనిపిస్తేనే ఆనవాలు అనండి.

ప్రశ్న: అయితే రెండు మాటలూ వాడతాను. సిఫిలిస్‌ (ఒక సుఖవ్యాధి)కి చేసే టీపీహెచ్‌ఏ రక్తపరీక్ష ఏ వరసలోకి వస్తుంది?

జవాబు: జాడలోకే. ఒకసారి పాజిటివ్ వస్తే, మందులు వాడి నయమయ్యాక కూడా సాధారణంగా ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. వీడీఆర్‌ఎల్ అనే మరో సిఫిలిస్ రక్తపరీక్షతో కలిపి చూడాలని పక్కనే రాయండి.