అమ్మానాన్నల హెల్త్ పాలసీ డబ్బు పన్నులో తగ్గుతుందా?

రాయగడ నుంచి:
మాది రాయగడ, ఉద్యోగం ఇక్కడే. నాన్నకి 68, అమ్మకి 63. నాన్న హెల్త్ పాలసీకి ఈ ఏడాది 32,000 కట్టాను. అమ్మకి స్టెంట్ వేశాక ఏ కంపెనీ పాలసీ ఇవ్వలేదు, మూడు నెలలకోసారి రైలెక్కించి విశాఖ తీసుకెళ్లి చూపిస్తున్నాం, పరీక్షలూ మందులూ అన్నీ చేతి డబ్బే. ఆఫీసులో అడిగితే "ఇప్పుడు అవేం లేవు" అనేశారు. నిజంగా లేదా? మా అత్తగారి పాలసీ కూడా నేనే కడుతున్నాను.

బరంపురం నుంచి:
ఉందండీ, కాకపోతే పాత పన్ను విధానంలోనే. 2025-26 లెక్కకి అది సెక్షన్ 80డి, అంటే హెల్త్ పాలసీకి కట్టిన డబ్బుని ఒక పరిమితి దాకా పన్ను పడే ఆదాయంలోంచి తీసేసే నియమం. మీరేం చెప్పకపోతే ఆఫీసులో కొత్త విధానం ప్రకారమే కోస్తారు, అందుకే లేదని ఉంటారు. వ్యాపార ఆదాయం లేని జీతగాళ్లు గడువులోగా రిటర్న్ వేస్తూ పాతదానికి మారొచ్చు. కానీ తొందరపడి మారకండి. 2025-26లో జీతం 12.75 లక్షలు దాటకపోతే కొత్తదాంట్లో పన్నే పడదు, 80డి కోసమని పాతదానికి వెళ్తే అనవసరంగా పన్ను కట్టుకోవాల్సి రావచ్చు. రెండు లెక్కలూ వేయించండి. అత్తగారిది మీకు రాదు. మీ ఆవిడకి సంపాదన ఉండి, ఆవిడ ఖాతా నుంచి కడితే ఆవిడకి వస్తుంది.

పర్లాకిమిడి నుంచి:
అమ్మగారి సంగతి వదిలేశారు, అసలు మేలు అక్కడే ఉంది. 60 దాటి పాలసీ లేని తల్లికో తండ్రికో పెట్టిన వైద్య ఖర్చు కూడా 80డిలోనే చూపించొచ్చు. ఇద్దరికీ కలిపి 50,000 దాకా, అంటే నాన్నగారి 32,000 పోను అమ్మగారి ఖర్చులో ఇంకో 18,000. అయితే నోట్లు ఇచ్చి కొన్నవి చెల్లవు, యూపీఐలోనో కార్డుతోనో కట్టి బిల్లులు దాచుకోండి. ముందు జాగ్రత్త హెల్త్ చెకప్‌కి మాత్రం 5,000 వరకు నగదు ఇచ్చినా పర్వాలేదు, అది కూడా ఆ 50,000లోకే వస్తుంది.

జయపురం నుంచి:
నగదు మాట నిజం, నేను దెబ్బతిన్నాను. ఏజెంటు ఇంటికొస్తే నాన్న 27,000 చేతికిచ్చేశారు, రసీదు ఉంది కదా అనుకున్నాను, ఆడిటర్ మొత్తం తీసేశారు. ఇప్పుడు నాన్న నాకు చెప్పకుండా ఎవరికీ పైసా ఇవ్వరు, నా ఖాతా నుంచే కడతాను. ఇంకోటి, రెండేళ్లది ఒకేసారి కడితే ఏడాదికి సగం చొప్పునే చూపించాలి.

రాయగడ నుంచి:
చాలా థ్యాంక్స్ అండీ. నా జీతం 12.75 దాటింది, ఇంటి లోను వడ్డీ కూడా ఉంది, రెండు లెక్కలూ వేయిస్తాను. ఇప్పటిదాకా అమ్మ మందులన్నీ నోట్లిచ్చే కొన్నాను, ఆ 18,000లో ఎంత పోయిందో తలుచుకుంటే బాధగా ఉంది. వచ్చే వారం విశాఖ వెళ్తున్నాం, ఈసారి ప్రతిదీ ఫోన్‌లోనే కడతాను.