జెంకిన్స్ బిల్డ్‌లో ‘ఎంవీఎన్’ లేదంటోంది, కమాండ్ ప్రాంప్ట్‌లో మాత్రం బాగానే ఉంది

ప్రశ్న (కావలి నుంచి):
అన్నా, మా ఆఫీసు నెల్లూరులో. ఒక విండోస్ మెషిన్ మీద జెంకిన్స్ (పనులను వాటంతట అవే నడిపించే సాఫ్ట్‌వేర్) వేసి రాత్రిపూట సెలీనియం టెస్టులు (బ్రౌజర్‌ను తనే నడిపి సైట్‌ను పరీక్షించేవి) నడుపుతున్నాం. నేను లాగిన్ అయి కమాండ్ ప్రాంప్ట్‌లో మావెన్ అనే బిల్డ్ టూల్ కమాండ్ ‘ఎంవీఎన్ టెస్ట్’ కొడితే అన్నీ పాసవుతాయి. అదే జెంకిన్స్ నుంచి నడిపితే ఎంవీఎన్ అనే కమాండే లేదంటుంది. పాత్‌లో (కమాండ్ల కోసం విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితా) మావెన్ బిన్ ఫోల్డర్ చేర్చాను, మెషిన్ రీస్టార్ట్ చేశాను. రేపు రిపోర్ట్ పంపాలి, ఒకటే టెన్షన్.

జవాబు (ఒంగోలు నుంచి):
తమ్ముడూ, పాత్‌లో ఎక్కడ చేర్చావు? ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ విండోలో పైడబ్బా నీ లాగిన్‌ది, కిందిది సిస్టమ్ మొత్తానిది. నువ్వు పైదాంట్లో పెట్టుంటావు. జెంకిన్స్ సర్వీస్‌గా (ఎవరూ లాగిన్ అవకపోయినా వెనకాల నడిచేలా) నడుస్తుంటే నీ పేరుతో నడవదు, మామూలుగా లోకల్ సిస్టమ్ అకౌంట్‌తో నడుస్తుంది. నువ్వు నీ ఇంట్లో చెప్పుకున్న మాట పక్కింటోళ్లకు ఎట్లా వినపడుద్ది?

అనుమానముంటే జాబ్‌లో మొదటి లైన్లుగా ‘హూయామ్‌ఐ’, ‘ఎకో %పాత్%’ పెట్టి నడుపు. లాగ్‌లో ఎవరి పేరు, ఏ పాత్ వచ్చిందో కనపడుతుంది. మావెన్ ఫోల్డర్‌ను కిందిడబ్బాకి మార్చి, జెంకిన్స్ సర్వీస్‌ను రీస్టార్ట్ చెయ్యి. సర్వీస్ మొదలైనప్పటి పాత్‌నే పట్టుకుని ఉంటుంది, మధ్యలో మార్చినా చూడదు. జావా ఎక్కడుందో చెప్పే జావా హోమ్ వేరియబుల్ కూడా అక్కడే పెట్టు. దానికి జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) ఫోల్డర్ వరకే ఇవ్వాలి, చివర బిన్ తగిలించకు.

ఇంకొకటి, ‘సెట్‌ఎక్స్’ కమాండ్‌తో పాత్ మార్చొద్దు. 1024 అక్షరాలు దాటిన భాగాన్ని కోసేస్తుంది.

జవాబు (బుచ్చిరెడ్డిపాళెం నుంచి):
అన్న చెప్పింది కరెక్టే గానీ, రేపు మెషిన్ మారితే మళ్లీ ఇదే పని. నేనైతే జాబ్ స్టెప్పులు రాసే జెంకిన్స్‌ఫైల్‌లోనే రాస్తాను. వేరియబుల్స్ ఇచ్చే ‘విత్‌ఎన్వ్’ స్టెప్‌లో ‘పాత్+మావెన్=సీ:\\టూల్స్\\మావెన్\\బిన్’ అని ఇస్తే పాత పాత్‌కి ముందు ఇది చేరుతుంది. ప్లస్ లేకుండా ఉత్త ‘పాత్=’ అని రాశావో, పాతదంతా పోయి మామూలు విండోస్ కమాండ్లు కూడా దొరకవు. బ్యాక్‌స్లాష్ రెండుసార్లు కొట్టాలి. ఒక్కటే కొడితే, దాని వెనక ఇంగ్లిష్ చిన్న టీ ఉన్నచోట గ్రూవీ (జెంకిన్స్‌ఫైల్ రాసే భాష) ట్యాబ్ అనుకుంటుంది. దాని వెనక ఎమ్ లాంటి అక్షరం ఉంటే స్క్రిప్టే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. లైనక్స్‌కి పోతే స్లాష్‌లు ముందుకు వాలతాయి, పాత్‌లో సెమీకోలన్ బదులు కోలన్ వస్తుంది.

కావలి నుంచి:
కిందిడబ్బాలో పెట్టి సర్వీస్ రీస్టార్ట్ చేశాక మావెన్ కదిలింది, థాంక్స్ అన్నా. ఇప్పుడు క్రోమ్ వెర్షన్‌కీ క్రోమ్‌డ్రైవర్‌కీ (సెలీనియం క్రోమ్‌ను నడిపించడానికి వాడే ప్రోగ్రామ్) సరిపోలేదంటోంది.

ఒంగోలు నుంచి:
పాత్‌లో ఎప్పటిదో పాత క్రోమ్‌డ్రైవర్ పడి ఉంటుంది. ‘వేర్ క్రోమ్‌డ్రైవర్’ కొట్టి చూసి తీసెయ్యి. సెలీనియం 4.6 నుంచి సెలీనియం మేనేజర్ తనే సరిపడే డ్రైవర్ తెచ్చుకుంటుంది, కానీ పాత్‌లో ఒకటి కనపడితే ముందు దాన్నే వాడుతుంది. క్రోమ్‌ను హెడ్‌లెస్‌లో (విండో తెరవకుండా) నడుపు, సర్వీస్ తెరిచే విండో నీ స్క్రీన్ మీద ఎట్లాగూ కనపడదు.