టైమర్ పెట్టిన రికార్డింగులు కొన్నిసార్లే అందుతున్నాయి: తప్పు ట్యూనర్‌లో ఉందా, పెట్టె మేల్కొనడంలో ఉందా?

తెనాలి వాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ ఒకదానికి యూఎస్‌బీ డీవీబీ-ఎస్2 (ఉపగ్రహ టీవీ) ట్యూనర్ తగిలించి, డెబియన్ లినక్స్ మీద టీవీహెడెండ్ అనే రికార్డింగు ప్రోగ్రాము నడుపుతూ, డీడీ ఫ్రీ డిష్ ఛానెళ్లను రికార్డు చేసుకుంటున్నాను. కరెంటు ఆదా కోసం, 20 నిమిషాల పాటు పనేమీ లేకపోతే పెట్టె నిద్రలోకి జారుకొని, తరువాతి రికార్డింగుకు 10 నిమిషాల ముందు తనంతట తానే మేల్కొనేలా చిన్న స్క్రిప్టు రాశాను. అదే యంత్రంలో వేరే డిస్కు మీద విండోస్ కూడా ఉంది కానీ దానిని నెలకు ఒకటి రెండుసార్లకు మించి తెరవను.

పగలు నేను కంప్యూటర్ ముందు ఉన్నప్పుడు పెట్టిన రికార్డింగులన్నీ చక్కగా వస్తున్నాయి. అమ్మ కోసం సప్తగిరి ఛానెల్‌లో ఉదయం 6:30కు పెట్టినది మాత్రం వరుసగా నాలుగు రోజులు తప్పిపోయింది. రాత్రి 9 గంటలకు పెట్టినవి కూడా పెట్టె నిద్రలో ఉంటే తప్పుతున్నాయి. జాబితాలో వాటి పక్కన ‘టైమ్ మిస్డ్’ అని కనిపిస్తోంది. ఇన్వర్టర్ ఉంది కాబట్టి కరెంటు పోవడం కారణం కాదనుకుంటున్నాను. ఇంకొక సంగతి చెప్పాలో వద్దో తెలియడం లేదు: అర్ధరాత్రి దాటాక పెట్టెలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వస్తోందని అమ్మ అంటోంది, నేనైతే వినలేదు.

యాంటెన్నా మేస్త్రి:

మీకు ఒకే ట్యూనర్ ఉన్నట్లుంది కనుక ముందుగా అటువైపు చూడండి. ఒకే ట్రాన్స్‌పాండర్ మీద, అంటే ఉపగ్రహం ఒకే ఫ్రీక్వెన్సీలో పంపే గుంపులో, ఉన్న ఛానెళ్లను ఒక ట్యూనర్‌తో ఏకకాలంలో ఎన్నింటినైనా తీసుకోవచ్చు కానీ, రెండు వేర్వేరు ట్రాన్స్‌పాండర్ల మీది కార్యక్రమాలు ఒకే సమయానికి పడితే ఒకటి తప్పక ఆగిపోతుంది. ఒకటి నిలువు, మరొకటి అడ్డం పోలరైజేషన్‌లో ఉంటే డిష్ ముందు ఉండే ఎల్‌ఎన్‌బీకి ఒకదానికి 13 వోల్టులు, మరొకదానికి 18 వోల్టులు అందాలి, ఒకే తీగ మీద రెండూ ఒకేసారి కుదరవు. కేబుల్ జాయింటులో నీరు చేరినా 18 వోల్టుల వైపు ఛానెళ్లే ముందు పోవడం నేను చాలా ఇళ్లలో చూశాను.

రాత్రిపాళీ:

మేస్త్రి గారు చెప్పినది నిజమే కానీ ఈ సమస్యకు అది వర్తించదని నా అభిప్రాయం. ట్యూనర్ దొరకకపోయినా, సిగ్నల్ లేకపోయినా జాబితాలో వేరే కారణం కనిపిస్తుంది. ‘టైమ్ మిస్డ్’ అంటే ఆ సమయానికి రికార్డింగు మొదలుపెట్టడానికి టీవీహెడెండే నడుస్తూ లేదని అర్థం. కాబట్టి డిష్ జోలికి వెళ్లకండి, మేడ ఎక్కవలసిన అవసరం లేదు.

నాకు ఆసక్తి కలిగించినది అమ్మగారి మాట. ఈ రాత్రి, రేపు ఉదయం 6:30 రికార్డింగు పెట్టి, స్క్రిప్టు అలారం రాసిన తరువాత, పెట్టె నిద్రపోకముందే ప్రోక్ కింద డ్రైవర్ అన్న ఫోల్డరులో ఉండే ఆర్‌టీసీ (మదర్‌బోర్డు గడియారం) ఫైలును తెరిచి, అందులోని సమయం, అలారం అనే రెండు వరుసలతో పాటు అప్పుడు గోడ గడియారంలో ఎంతయిందో కూడా ఇక్కడ రాయండి. స్క్రిప్టు అలారాన్ని ఎలా రాస్తోందో కూడా చెప్పండి.

తెనాలి వాసి:

గోడ గడియారంలో రాత్రి 10:14 అయింది. ఫైలులో సమయం 22:14:09, అలారం 00:50:00 అని ఉంది. స్క్రిప్టు రికార్డింగు సమయాన్ని 1970 నుంచి లెక్కించే సెకన్లలోకి మార్చి, వేక్‌అలారం ఫైలులో నేరుగా రాస్తోంది. ఉదయం 6:20 అని ఉండవలసిన చోట 00:50 ఎందుకు వచ్చిందో అర్థం కాలేదు.

రాత్రిపాళీ:

6:20 నుంచి 00:50 తీసివేస్తే సరిగ్గా ఐదున్నర గంటలు వస్తుంది, అంటే మన సమయానికీ యూటీసీకీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయానికీ) ఉన్న తేడా. మీ మదర్‌బోర్డు గడియారం భారత సమయంలో నడుస్తోంది. విండోస్ మామూలుగా ఆ గడియారాన్ని స్థానిక సమయంగానే చదువుతుంది, దానితో గొడవ రాకుండా ఎప్పుడో మీరే అలా మార్చి ఉంటారు. స్క్రిప్టు రాసే సెకన్లు మాత్రం యూటీసీ లెక్క. గడియారం యూటీసీలో ఉంటే ఇప్పుడు 16:44 చూపించాలి, అప్పుడు 00:50 అన్నది మనకు ఉదయం 6:20 అయ్యేది.

ఇక రాత్రి జరుగుతున్నది ఇదీ. పెట్టె 00:50కే లేస్తోంది, అమ్మగారు విన్నది ఆ చప్పుడే. లేచి చూస్తే పనేమీ లేదు కనుక 20 నిమిషాల తరువాత మళ్లీ నిద్రకు సిద్ధమై, స్క్రిప్టు అదే 00:50ను మరోసారి రాస్తుంది. అప్పటికి గడియారంలో 1:10 అయింది. గడిచిపోయిన సమయాన్ని అలారంగా రాస్తే లినక్స్ కెర్నల్ ఆ అలారాన్ని చేతనం చేయదు, అందువల్ల పెట్టె ఇక లేవదు. రాత్రి 9 గంటలది ఇంకా సూటిగా తప్పుతుంది: సాయంత్రం 7కు నిద్రపోతే, రాయబడే 15:20 అప్పటికే గడిచిపోయి ఉంటుంది.

మందు రెండు రకాలు. టైమ్‌డేట్‌సీటీఎల్ ఆదేశంతో లోకల్ ఆర్‌టీసీ అనే అమరికను 0గా పెట్టి గడియారాన్ని యూటీసీకి మార్చి, విండోస్ రిజిస్ట్రీలో టైమ్‌జోన్ ఇన్ఫర్మేషన్ కింద ‘రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్’ అనే విలువను 1గా పెట్టడం ఒకటి. గడియారాన్ని ముట్టుకోకుండా, స్క్రిప్టులో నేరుగా రాసే పంక్తి తీసేసి ఆర్‌టీసీవేక్ ఆదేశాన్ని వాడడం రెండవది. గడియారం ఏ సమయంలో ఉందో అది అడ్జ్‌టైమ్ ఫైలు చూసి తెలుసుకుంటుంది. నేనైతే మొదటిదే చేస్తాను.

డాలస్ నుంచి:

ఇక్కడ మిత్‌టీవీ అనే మరో రికార్డింగు ప్రోగ్రాముతో నాకు ఇదే జరిగింది కానీ తలకిందులుగా. మా సమయం యూటీసీకి వెనుక ఉంటుంది కనుక పెట్టె ముందుగా కాకుండా చలికాలంలో 6 గంటలు, వేసవిలో 5 గంటలు ఆలస్యంగా లేచేది, అప్పటికి కార్యక్రమం ముగిసిపోయి ఉండేది. ఏడాదికి రెండుసార్లు తేడా మారడంతో కారణం పట్టుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. మీకు ఆ బెడద లేదు. గడియారాన్ని యూటీసీకి మార్చాక బయోస్‌లో ఐదున్నర గంటలు వెనుకబడినట్లు కనిపిస్తుంది, కంగారుపడి దానిని సరిచేయకండి.

తెనాలి వాసి:

గడియారాన్ని యూటీసీకి, విండోస్‌ను దానికి తగినట్లు మార్చాను. ఈ ఉదయం పెట్టె 6:20కి లేచింది, 6:30 రికార్డింగు మొత్తం వచ్చింది. డాలస్ నుంచి రాసినవారు హెచ్చరించకపోతే బయోస్‌లో రాత్రి ఒంటిగంట అని చూసి నిజంగానే మార్చేసేవాణ్ణి. మేస్త్రి గారు చెప్పిన కేబుల్ జాయింటును కూడా ఎటూ విప్పి చూశాను, లోపల పచ్చగా తుప్పు పట్టి ఉంది, మార్చేశాను.