ఫ్రీడైవింగ్: తోడుండే మనిషికి ఈత వస్తే చాలా?

ఊపిరి బిగబట్టి లోతుకు దిగే ఫ్రీడైవింగ్ నేర్చుకోవాలని ఉంది. ఒంటరిగా దిగకూడదన్నది మొదటి నియమమని తెలుసు. తోడుగా రావడానికి ఒక స్నేహితుడు సిద్ధమే కాని, అతనికీ ఇందులో శిక్షణ లేదు. మంచి ఈతగాడైతే సరిపోతుందా, లేక ఇద్దరమూ కోర్సు పూర్తిచేసే వరకు ఈత కొలనులో కూడా ఈ సాధన మానుకోవాలా?

స్పృహ తప్పడమంటేనే నాకు ఎక్కువ భయం. దిగే ముందు గబగబా ఊపిరి పీల్చి వదిలితే ఒంట్లో ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం తగ్గిపోయి, ఊపిరి కోసం తపన ఆలస్యంగా మొదలవుతుందని చదివాను. అంటే హెచ్చరిక లేకుండానే ప్రమాదం ముంచుకొస్తుందన్నమాట. పైకి వచ్చి గాలి పీల్చుకున్నాక కూడా స్పృహ పోవచ్చట! అప్పుడు తోడున్నవారు మొదటి క్షణాల్లో ఏం చేయాలి? పైకొచ్చిన మనిషిని ఎంతసేపు కనిపెట్టి ఉండాలి?

ఇక చెవుల సంగతి. 10 మీటర్ల లోతుకే ఒత్తిడి రెట్టింపవుతుంది. స్నార్కెలింగ్‌లో రెండు మూడు మీటర్లకే నా ఎడమ చెవి మొరాయిస్తుంది. నొప్పి మొదలవగానే పైకి వచ్చేస్తాను. చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవడానికి ముక్కు మూసి గట్టిగా ఊదడం కంటే, ముక్కు మూసి నాలుకతో గాలిని వెనక్కి నెట్టే ఫ్రెంజెల్ పద్ధతి మేలంటారు. దాన్ని ఒడ్డున కూర్చునే సాధన చేయడం ఎలా?

అనుభవమున్నవారు చెప్పగలరు. ‘భయపడకుండా దిగండి’ అనే సలహా మాత్రం వద్దు.