ఎత్తు మడుల కోసం ట్రేలలో పెంచే నారు వాలిపోతోంది

ప్రశ్న (కావలి):
ఇంటి వెనుక ఇటుకలతో కట్టిన రెండు చిన్న ఎత్తు మడుల కోసం 98 గుంటల ప్రోట్రేలో కొబ్బరి పొట్టు నింపి టమాట, వంగ, మిరప విత్తాను. మొలకలు బాగానే వచ్చాయి గాని, కాండం మొదట్లో మెత్తబడి ఒక్కొక్కటే వాలిపోతున్నాయి. దయచేసి కారణం చెప్పగలరు. బెండను కూడా ట్రేలోనే విత్తవచ్చునా?

జవాబు (ఒంగోలు):
మీరు చెప్పిన లక్షణాలు నారుకుళ్ళు తెగులువి. పొట్టు ఎప్పుడూ తడిగా ఉండి, గాలి ఆడనిచోట ఇది వేగంగా వ్యాపిస్తుంది. వాలిన మొలకలను వెంటనే తీసివేసి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మొదళ్ళు తడిసేలా పోయండి. ఇకపై ఉదయం పూట మాత్రమే, పైపొర ఆరిందని వేలితో చూసుకున్న తరువాతే నీరు పెట్టండి. మరోసారి విత్తేటప్పుడు పొట్టును మంచినీటితో రెండు మూడు సార్లు కడిగి ఉప్పు పోగొట్టడం, అందులో ట్రైకోడెర్మా (తెగుళ్ళను అడ్డుకునే మేలు చేసే శిలీంధ్రం), బాగా మాగిన వర్మీకంపోస్టు కలపడం ఎంతో అవసరం.

జవాబు (నెల్లూరు):
పై సలహా సరైనదే. బెండ, చిక్కుడు, ముల్లంగి నేరుగా మడిలోనే విత్తండి. ముల్లంగి వేరు కదిలితే గడ్డ వంకర పోతుంది. టమాట, వంగ నారు సుమారు 25 రోజులకు, మిరప మరికొంత ఆలస్యంగా నాటడానికి సిద్ధమవుతాయి. నాటే ముందు వారం రోజులు నీరు తగ్గించి, క్రమంగా ఎండకు అలవాటు చేయండి. మన జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు గట్టిగా కురుస్తాయి కనుక, నారు ఆలోపే వేళ్ళూనుకునేలా చూసుకోవడం మేలని నా అభిప్రాయం.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండీ. ట్రేను గాలి తగిలే వరండాలోకి మార్చాను, మందు రేపు ఉదయం పోస్తాను.