గే అని చెప్తే అసైలమ్ ఇచ్చేయాలా? వెనక్కి పంపితే తప్పేంటి?

ఉప్పుమిరపకాయ:
నిన్న రాత్రి వంట చేస్తూ రూమ్మేట్‌తో మొదలైన వాదన, అన్నం మాడింది గానీ తెగలేదు. ఉగాండా నుంచి యూకే వచ్చి నేను గే, వెనక్కి పంపితే బతకనివ్వరు అంటే అసైలమ్ (ఆశ్రయం) ఇవ్వాలా అని. నా పాయింట్, ఆ మాట ఎవడైనా చెప్తాడు, మొహం మీద రాసుండదు కదా. నిజమే అనుకున్నా, ఊళ్లో గుట్టుగా ఉంటే ఎవడికి తెలుస్తుంది?

రాత్రిబడి:
గుట్టుగా ఉండు అనే మాటే యూకే గవర్నమెంటూ చాన్నాళ్లు చెప్పింది బ్రో. అసైలమ్ అడిగిన ఒక ఇరాన్ అతన్నీ, ఒక కామెరూన్ అతన్నీ అలాగే పొమ్మన్నారు. కామెరూన్ అతను తన ఇంటి తోటలోనే పార్ట్‌నర్‌ని ముద్దుపెట్టుకుంటుంటే పక్కింటోళ్లు చూశారు, తర్వాత జనం మీదపడి కొట్టారు, ఇంక గుట్టెక్కడిది? 2010 జులైలో యూకే సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీలూ ఒకే మాటగా ఆ వాదన కొట్టేశారు. కాకపోతే మెలిక ఉంది. అమ్మానాన్న బాధపడతారనో నలుగురూ నవ్వుతారనో మాత్రమే దాచుకుంటే చాలదు, హింస భయం కూడా ఒక ముఖ్య కారణమై ఉండాలి. ఉగాండాలో 2023 చట్టంతో యావజ్జీవం, కొన్ని కేసుల్లో మరణశిక్ష కూడా, మరి భయం ఉండదా? (గే సంబంధాల్ని నేరం చేసిన మన సెక్షన్ 377 రాసింది 1860లో ఇంగ్లీషోళ్లే, అదే సరుకు ఉగాండాకీ పంపారు, ఇప్పుడు వాళ్ల దగ్గరికే ఆశ్రయానికి రావాల్సొచ్చింది.)

గోలీసోడా:
చట్టం సరే, నిజమో కాదో తేల్చేదెలా? అది దాటేశారు.

రాత్రిబడి:
దాటలేదండీ, అదే కష్టమైన ముక్క. 2014లో యూరోపియన్ యూనియన్ కోర్టు చెప్పింది, పడకగది వివరాలు అడగొద్దు, వీడియోలు వాళ్లే ఇస్తామన్నా తీసుకోవద్దు, మొదట్లోనే చెప్పలేదన్న ఒక్క కారణంతో అబద్ధం అనొద్దు అని. అయినా హంగరీలో ఒక నైజీరియా అతనితో సైకాలజిస్టులు వానలో నిలబడ్డ మనిషి బొమ్మ గీయించారు, సిరా మరకలు చూపించి ఏం కనపడుతోంది అన్నారు. తడిస్తే గే, గొడుగుంటే కాదా? 2018లో అదే కోర్టు ఆ టెస్టులూ వద్దంది. ఇంక మిగిలింది అతని కథ, అందులో పొంతన, అతని దేశంలో పరిస్థితి.

గోలీసోడా:
అంటే బాగా కథ చెప్పేవాడు గెలుస్తాడు, నోరు పెగలనోడు ఫ్లైటెక్కుతాడు. నాకైతే దొంగ కేసుల కన్నా అదే భయం.

కొత్తపేట_కుర్రాడు:
మనోళ్ల సంగతి కూడా చెప్తా. గుంటూరు వైపు ఫ్రెండ్ ఒకడు అమెరికాలో ఉన్నాడు, వీసా అయిపోవస్తోంది, వాడు గే అని తెలిసి, తిరిగొస్తే చంపుతామని బాబాయిలు. లాయర్ అన్న మొదటి మాట, 2018లో మీ దేశంలో 377 పోయింది కదా, గుంటూరు కాకపోతే హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండొచ్చు అంటారు అని. పైగా అక్కడికెళ్లిన ఏడాదిలోపు అప్లై చేయాలట, వీడికి మూడేళ్లయింది. మినహాయింపులున్నాయి, లేదంటే విత్‌హోల్డింగ్ (ఆ దేశానికి వెనక్కి పంపకుండా ఆపడం) అడగొచ్చు, కానీ దానికి ప్రూఫ్ ఇంకా గట్టిగా కావాలి, గ్రీన్‌కార్డూ రాదు.

ఉప్పుమిరపకాయ:
సరే, గుట్టు మాట వెనక్కి తీసుకుంటున్నా. దొంగ కేసుల మీద మాత్రం తగ్గను. మీ ఫ్రెండ్ ఏం చేస్తున్నాడు మరి?

కొత్తపేట_కుర్రాడు:
చంపుతామన్న వాట్సాప్ వాయిస్ మెసేజులు ఇంగ్లీషులోకి రాయిస్తున్నాడు. అదే ఫోన్లో వాళ్లమ్మ పంపిన పెళ్లిసంబంధం ఫొటోలు పదకొండు, అవి కూడా ఇవ్వమంది లాయర్.