అల్కాల్దే మయోర్ అంటే పెద్ద మేయరా?

కోస్తారికా చరిత్ర మీద చిన్న వ్యాసం తెలుగు చేస్తున్నాను. హువాన్ వాస్కెస్ దె కొరొనాదొ గురించి. 1523లో స్పెయిన్‌లోని సాలమాంకాలో పుట్టినవాడు. సైనికుడిగా అట్లాంటిక్ దాటి, 1562లో కోస్తారికాకు 'అల్కాల్దే మయోర్' అయ్యాడు. నిఘంటువులో అల్కాల్దే అంటే మేయర్, మయోర్ అంటే పెద్ద. ఇంకేం, 'పెద్ద మేయర్' అని రాసిపడేశాను. మర్నాడు చదివితే నాకే నవ్వొచ్చింది. అక్కడి కార్తాగో పట్టణాన్ని ఆయన పెట్టిందే 1563లో. ఊరు పుట్టకముందే మేయరేంటి? మంచి మాట చెప్పండి.

— అల్కాల్దే మనకు పరాయిదేం కాదండీ. అరబీ 'అల్ ఖాదీ' స్పెయిన్‌కు వెళ్లి అల్కాల్దే అయింది, ఫారసీ మీదుగా మన దగ్గరికొచ్చి ఖాజీ అయింది. కాజీపేటలో ఉన్నదీ ఆ మాటే. మన దివాణం అక్కడ 'అదువానా', అంటే సుంకం వసూలు చేసే కచేరీ. పాపం వజీరుకే అన్యాయం జరిగింది. ఇక్కడ మంత్రి, అక్కడ 'అల్గ్వాసిల్' పేరుతో కోర్టు బంట్రోతు!

— మూలం సరే మాస్టారూ, కానీ ఖాజీ అని రాస్తే చదివేవాళ్లకు నిఖా గుర్తొస్తుంది. తీర్పులు చెప్పాలి, జిల్లా అంతటి ప్రాంతాన్ని ఏలాలి, అవసరమైతే సైన్యాన్నీ నడపాలి. కలెక్టర్ అంటే సగం సరిపోతుంది. పాలెగాడు అందామా?

— ప్రశ్న అడిగింది నేనే కదా, పాలెగాడు వద్దండీ, ఆ మాట వింటే రాయలసీమ కోటలు కళ్లముందు కదులుతాయి. 'అల్కాల్దే మయోర్' అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట 'న్యాయాధికారం కూడా ఉన్న ప్రాంత పాలకుడు' అని పక్కన రాస్తాను. అసలు తంటా ఆ తర్వాతి బిరుదుతో. 1565లో రాజు రెండో ఫిలిప్ ఆయన్ని 'అదెలంతాదొ' చేశాడు. మాటకు మాట పెడితే 'ముందుకు సాగినవాడు'. వంశపారంపర్య హక్కు కూడా ఇచ్చాడు. ఆ బిరుదుతో స్పెయిన్ నుంచి తిరిగొస్తుంటే అదే ఏడు ఓడ మునిగి పోయాడు. ఏలుబడి ఆయనకు దక్కలేదు గానీ బిరుదు కొడుక్కి వెళ్లింది. తర్వాత కోస్తారికా అధ్యక్షులైనవాళ్లలో చాలామంది ఆ వంశం వాళ్లే. 'ముందరిదొర' అని రాసి చూశాను, పాత జానపద కథలో పేరులా ఉంది. కొట్టేయనా, ఉంచనా?

— ఉంచండి. బాగుంది.